డ్రైవ్‌వే సీల్‌కోటింగ్: వేయించాలా, వద్దా? ఆ డబ్బాలో ఏముంది?

 

ఈరోజు రోడ్డు గురించి మాట్లాడుకుందాం. హైవే కాదు, ఇంటి ముందు కారు పెట్టుకునే ఆ కాస్త నల్లటి జాగా గురించి. న్యూజెర్సీ, పెన్సిల్వేనియా, మిషిగన్, ఇల్లినాయి లాంటి చోట్ల ఇల్లు కొనుక్కున్న మనవాళ్లకి ఇది బాగా తెలుసు. చలి తగ్గి కాస్త ఎండ రాగానే కమ్యూనిటీ అసోసియేషన్ నుంచి లెటర్ వస్తుంది, "మీ డ్రైవ్‌వే వెలిసిపోయింది, సీల్‌కోట్ వేయించండి" అని. లేదంటే ఎవరో ట్రక్కులో వచ్చి బెల్ కొడతారు. "పక్క వీధిలో పని చేశాం, మెటీరియల్ కొంచెం మిగిలింది, ఈరోజే అయితే సగం రేటుకి వేసేస్తాం" అంటారు. మన అన్నయ్యో, బావగారో ఫ్యామిలీ గ్రూప్‌లో ఫోటో పెట్టి అడుగుతారు: ఇది నిజంగా అవసరమా, స్కామా?

రెండూ ఉన్నాయండీ. పనేమో నిజమైన మెయింటెనెన్స్ పని. దాన్ని అడ్డం పెట్టుకుని బోలెడు మోసం కూడా జరుగుతుంది. "మెటీరియల్ మిగిలింది" అనే డైలాగ్ గురించి అమెరికాలో వినియోగదారుల సంస్థలు ఏళ్ల తరబడి హెచ్చరిస్తూనే ఉన్నాయి. ఒరిజినల్‌గా ఏ పని చేసినా లెక్కేసుకుని మెటీరియల్ తెస్తారు, మిగిలిందని వీధి వీధి తిరిగి అమ్మరు. వాళ్లు నీళ్లు ఎక్కువ కలిపి పల్చగా పూసి క్యాష్ తీసుకుని వెళ్లిపోతారు. ఒక వానకి ఆ నలుపంతా కాలవలో ఉంటుంది.

ముందే చెప్తున్నా, నాది బీటెక్ సీఎస్ఈ, సివిల్ కాదు. సివిల్ వాళ్లు కామెంట్స్‌లో క్లాస్ పీకొచ్చు, నాకు ఇష్టమే. కానీ ఇందులో ఒక విషయం రేటు కన్నా పెద్దది. ఆ డబ్బాలో ఏముందో చూడకుండా వేయిస్తే, పిల్లలు ఆడుకునే చోట ఏం పూస్తున్నామో మనకే తెలీదు. దాని దగ్గరికి వస్తా, ముందు బేసిక్స్.

తారు రోడ్డులో బరువు లెక్కన సుమారు 95 శాతం కంకర, ఇసుక, రాతిపొడి. మిగతా 5 శాతమే ఆ నల్లటి జిగురు. దాని అసలు పేరు బిటుమెన్, అమెరికా వాళ్లు అస్ఫాల్ట్ అంటారు. క్రూడ్ ఆయిల్ నుంచి పెట్రోలు, డీజిలు అన్నీ తీసేశాక అడుగున మిగిలే సరుకు. బరువు మోసేది రాళ్లే, కానీ ఆ రాళ్లని చెదరకుండా పట్టుకునేది ఈ 5 శాతం. పల్లీపట్టీలో బెల్లం పాకం ఉంటుంది చూడండి, అలాగ. పాకం లేతగా ఉంటే పట్టీ కొంచెం వంగుతుంది. ముదిరిపోతే టప్‌మని విరుగుతుంది.

బిటుమెన్ కూడా ముదురుతుంది. గాలిలోని ఆక్సిజన్, పైనుంచి ఎండ, రెండూ కలిసి అందులోని నూనె లాంటి భాగాల్ని గట్టి భాగాలుగా మార్చేస్తాయి. అందుకే కొత్తగా వేసినప్పుడు నిగనిగలాడే నల్లటి రోడ్డు నాలుగైదేళ్లకి బూడిద రంగులోకి వస్తుంది. పైన జిగురు పోయి ఇసుక రేణువులు చెప్పులకి అంటుకొస్తాయి. తర్వాత వెంట్రుకంత సన్నటి పగుళ్లు. ఆ పగుళ్లతో పెద్ద నష్టం లేదు, వాటిలోంచి దిగే నీళ్లతోనే అసలు తంటా. చలి ప్రాంతాల్లో ఆ నీళ్లు గడ్డకడితే సుమారు 9 శాతం ఉబ్బుతాయి. పగులు వెడల్పవుతుంది. మధ్యాహ్నం కరిగి ఇంకొంచెం నీళ్లు లోపలికి వెళ్తాయి, రాత్రికి మళ్లీ గడ్డ. ఒక్క చలికాలంలో ఇది ఎన్నోసార్లు జరుగుతుంది. మన దగ్గర మంచు లేదు కానీ, నీళ్లు కిందికి దిగి మట్టి మెత్తబడితే చాలు, పైన ఒక ఇసుక లారీ వెళ్లిందంటే కుంగిపోతుంది. ఇక కారు కింద కారే ఇంజిన్ ఆయిల్, పెట్రోలు అయితే బిటుమెన్‌ని ఏకంగా కరిగిస్తాయి. అన్నీ ఒకే క్రూడ్ ఆయిల్ నుంచి వచ్చిన చుట్టాలు కదా మరి.

సీల్‌కోట్ అంటే ఈ ఎండకి, నీళ్లకి, ఆయిల్‌కి అడ్డంగా పూసే పల్చటి పొర. ఆరాక మిల్లీమీటరు మందం కూడా ఉండదు. కాబట్టి అది బరువు మోయదు, గుంత పూడ్చదు, కుంగిన చోట లేపదు. సన్‌స్క్రీన్ లాంటిది. ఎండలోకి వెళ్లేముందు రాసుకుంటే పనికొస్తుంది, కాలిపోయిన చర్మానికి మందుగా పనికిరాదు.

తిరకాసు ఇక్కడే ఉంది. ఇది పనిచేసే టైం ఏంటంటే, రోడ్డు ఇంకా బాగానే కనిపిస్తున్న టైం. అప్పుడు ఎవరికీ డబ్బులు పెట్టబుద్ధి కాదు. "బానే ఉంది కదా" అంటాం. అంతా పగిలిపోయాక మాత్రం "ఒక కోటింగ్ వేసెయ్యండి" అంటాం. అప్పుడు ఆ కోటింగ్ పగుళ్లని కప్పి ఫోటోకి బాగా కనిపించేలా చేస్తుందంతే, కింద జరిగేది జరుగుతూనే ఉంటుంది. ఉపరితలం మొసలి తోలులా చిన్న చిన్న గళ్లుగా పగిలిందంటే కింద పునాది పోయిందని అర్థం. దాని మీద సీల్‌కోట్ వేయడం పూర్తిగా వేస్ట్. అంతవరకూ తవ్వి తీసి మళ్లీ వేయాల్సిందే.

నా అభిప్రాయం ఒకటి చెప్తా. ఈ పొర వేస్తే రోడ్డు ఆయుష్షు ఇన్ని రెట్లు పెరుగుతుందని అమ్మేవాళ్లు చెప్పే లెక్కల్ని నేను పెద్దగా పట్టించుకోను. మీ చేతిలో ఉన్న డబ్బు కొంచెమే అయితే ముందు పగుళ్లు నింపించండి. తర్వాత నీళ్లు ఎటు పోతున్నాయో చూడండి. పైకప్పు పైపు నీళ్లు సరిగ్గా డ్రైవ్‌వే అంచున పడుతుంటే దాన్ని పక్కకి తిప్పండి. ఆ రెండూ అయ్యాక మిగిలితే సీల్‌కోట్. కాంట్రాక్టర్లు ఈ ఆర్డర్‌లో చెప్పరు, ఎందుకంటే పైపు తిప్పితే వాళ్లకేం రాదు.

సరే, వేయించాలని డిసైడ్ అయ్యారు. కొత్త డ్రైవ్‌వే అయితే వెంటనే వద్దు. అందులోని తేలిక నూనెలు కొంత బయటికి పోయి గట్టిపడాలి, మామూలుగా ఆరు నెలల నుంచి ఏడాది ఆగమంటారు. తర్వాత రెండు మూడేళ్లకోసారి, ఎండ తక్కువ తగిలే చోటైతే ఇంకా ఆలస్యంగా వేసినా నష్టం లేదు. ప్రతి ఏడాదీ వేయించేవాళ్లు ఉన్నారు, నీటుగా కనిపిస్తుందని. అలా పొర మీద పొర వేస్తే ఆ పొరలే ఎండకి పగిలి పొలుసుల్లా లేస్తాయి. పాత గోడకి సున్నం మీద సున్నం వేస్తే పెచ్చులు ఊడినట్టు.

ఇది నీళ్లలో బిటుమెన్ చుక్కల్ని కలిపిన ఎమల్షన్. అందులో కొంచెం బంకమట్టి, ఇసుక ఉంటాయి. ఇసుక ఎందుకంటే, లేకపోతే వానకి జారుతుంది. పూసినప్పుడు కొంచెం గోధుమ రంగులో ఉంటుంది. నీళ్లు ఆవిరైపోతూ చుక్కలు ఒకదానికొకటి అతుక్కుని నల్లటి పొర అవుతుంది. ఈ ఒక్క విషయం గుర్తుంటే మిగతా రూల్స్ బట్టీ పట్టక్కర్లేదు. నీళ్లు ఆవిరవ్వాలి కాబట్టి చల్లగా ఉంటే కుదరదు, కనీసం 10 డిగ్రీల సెల్సియస్ దాటి ఉండాలి, అంటే వాళ్ల లెక్కలో 50 ఫారెన్‌హీట్. తర్వాత ఒక రోజంతా వాన పడకూడదు. ఒకేసారి మందంగా పూస్తే పైన ఆరి లోపల తడి ఉండిపోతుంది, అందుకే పల్చగా రెండు కోట్లు. కారు ఒకటి రెండు రోజులు వీధిలోనే. దుమ్ము మీద అతుక్కోదు కాబట్టి ముందు ఊడ్చి కడగాలి, ఆయిల్ మరకలకి విడిగా ప్రైమర్ వేయాలి. పావు అంగుళం దాటిన పగుళ్లని ముందే క్రాక్ ఫిల్లర్‌తో నింపాలి, సీల్‌కోట్ వాటిని నింపలేదు. మీరే వేసుకుంటే, ఐదు గ్యాలన్ల బకెట్ ఒక కోటుకి సుమారు 350 నుంచి 400 చదరపు అడుగులు వస్తుంది. రెండు బకెట్లతో రెండు కార్ల డ్రైవ్‌వే మొత్తం రెండు కోట్లు వేసేస్తానని ఎవరైనా అంటే, మిగతాది ట్యాప్ వాటర్ అనమాట.

ఇప్పుడు అసలు సంగతికి వద్దాం. డబ్బాలో ఏముంది?

మనం చిన్నప్పటి నుంచి "తారు రోడ్డు" అంటాం. కొన్ని చోట్ల డాంబరు రోడ్డు అంటారు. నిజానికి ఈ రోజుల్లో మన రోడ్డు మీద ఉండేది తారు కాదు, బిటుమెన్. అది పెట్రోలియం నుంచి వస్తుంది. తారు అనేది బొగ్గు నుంచి వస్తుంది. ఉక్కు తయారీకి కోక్ కావాలి, బొగ్గుని గాలి తగలకుండా బాగా వేడి చేస్తే కోక్ వస్తుంది, ఆ ప్రాసెస్‌లో పక్కన దిగే చిక్కటి నల్లటి ద్రవం కోల్ టార్. మన విశాఖ స్టీల్ ప్లాంట్‌లో కోక్ ఓవెన్లు ఉన్నాయి కదా, అలాంటి చోట. బట్టల మధ్య పెట్టే తెల్లటి గోళీలు తెలుసు కదా? తెలంగాణలో డాంబర్ గోలీలు అంటారు, కోస్తాలో కలరా ఉండలు. అందులో ఉండే నాఫ్తలీన్‌ని కోల్ టార్ నుంచే తీస్తూ వచ్చారు. ఆ పేరు ఊరికే రాలేదు.

చూడటానికి రెండూ నల్లగా, జిగటగా ఒకేలా ఉంటాయి కాబట్టి ఒకే పేరు అతుక్కుపోయింది. రోడ్డుకి ఆ పేరు తప్పుగా వాడినా నష్టం లేదు. సీల్‌కోట్ డబ్బా మీద మాత్రం ఆ తేడా చాలా పెద్దది.

అమెరికాలో సీల్‌కోట్ రెండు రకాలు. ఒకటి బిటుమెన్‌తో చేసింది, రెండోది కోల్ టార్‌తో చేసింది. పశ్చిమ రాష్ట్రాల్లో ఎక్కువగా మొదటిది, మధ్య, తూర్పు రాష్ట్రాల్లో చాలాకాలం రెండోది నడిచింది. కోల్ టార్‌ది పెట్రోలు పడినా కరగదు, నలుపు ఎక్కువ కాలం నిలుస్తుంది. అందుకే కాంట్రాక్టర్లకి ఇష్టం. కానీ అందులో 20 నుంచి 35 శాతం దాకా కోల్ టార్ పిచ్ ఉంటుంది, ఆ పిచ్ నిండా పీఏహెచ్ అనే రసాయనాలు. వాటిలో కొన్ని క్యాన్సర్ కలిగించేవి. రోడ్లు, పైకప్పుల పనిలో కోల్ టార్ పిచ్‌తో పనిచేసేవాళ్లకి క్యాన్సర్ ముప్పు ఉందని ప్రపంచ ఆరోగ్య సంస్థకి చెందిన క్యాన్సర్ పరిశోధనా సంస్థ ఎప్పుడో తేల్చింది. బిటుమెన్ సీల్‌కోట్‌తో పోలిస్తే కోల్ టార్ సీల్‌కోట్‌లో ఈ పీఏహెచ్‌లు సుమారు వెయ్యి రెట్లు ఎక్కువ.

ఇది బయటపడిన ఊరు మనవాళ్లు బోలెడుమంది ఉన్న ఆస్టిన్. అక్కడ బార్టన్ స్ప్రింగ్స్ అని ఊరంతా ఈతకి వెళ్లే ఊట ఉంది. ఆ చుట్టుపక్కల వాగుల అడుగు మట్టిలో పీఏహెచ్‌లు విపరీతంగా ఉన్నాయని సిటీ సైంటిస్టులు గమనించారు. ఫ్యాక్టరీ ఏదీ లేదు, మరి ఎక్కడి నుంచి? వెనక్కి వెతుక్కుంటూ వెళ్తే పార్కింగ్ లాట్లు తగిలాయి. టైర్లు రుద్దుకుని సీల్‌కోట్ పొడి అవుతుంది, వాన ఆ పొడిని వాగులోకి తోస్తుంది. అమెరికా జియలాజికల్ సర్వే సైంటిస్టులు బార్బరా మాలర్, పీటర్ వాన్ మీటర్ సిటీ వాళ్లతో కలిసి 2005లో దీన్ని పేపర్‌గా పబ్లిష్ చేశారు. 2006 జనవరి నుంచి ఆస్టిన్ కోల్ టార్ సీల్‌కోట్‌ని నిషేధించింది, అమెరికాలో మొదటి సిటీ అదే. 2011లో వాషింగ్టన్ రాష్ట్రం, 2014 నుంచి మిన్నెసోటా. తర్వాత ఇంకొన్ని. సీల్‌కోట్ పరిశ్రమ ఈ స్టడీల పద్ధతుల్నే తప్పుపట్టింది, చాలా ఏళ్లు వాదించింది. కానీ నిషేధం తర్వాత ఆస్టిన్ లేడీ బర్డ్ సరస్సు అడుగు మట్టిలో పీఏహెచ్‌లు సుమారు 58 శాతం తగ్గాయని 2014లో అదే టీం చూపించింది. నాకు ఇది బలమైన సాక్ష్యం.

ఎంఎస్‌కి వెళ్లి అపార్ట్‌మెంట్లలో ఉండేవాళ్లు ఇది వినండి. 2010లో పబ్లిష్ అయిన ఒక స్టడీ కోసం ఆస్టిన్‌లోనే 23 గ్రౌండ్ ఫ్లోర్ అపార్ట్‌మెంట్లలో ఇంటి లోపలి దుమ్ము తీసి టెస్ట్ చేశారు. బయట పార్కింగ్ లాట్‌కి కోల్ టార్ పూసిన చోట్ల, ఇంటి దుమ్ములో పీఏహెచ్‌లు మిగతా ఇళ్లకన్నా 25 రెట్లు ఎక్కువ. మన బూట్లకి అంటుకుని లోపలికి వస్తుందనమాట. మన ఇళ్లలో చెప్పులు గుమ్మం బయట విప్పే అలవాటు ఉంది కదా, దాన్ని అక్కడ కూడా వదలొద్దు. నేల మీద పాకి, చేతులు నోట్లో పెట్టుకునే పిల్లలకే ఈ దుమ్ము ఎక్కువ వెళ్తుంది.

మరి కనుక్కోవడం ఎలా? పెద్ద హార్డ్‌వేర్ చైన్లు ఎప్పుడో కోల్ టార్ సరుకు అమ్మడం మానేశాయి, కాబట్టి మీరే షాపులో కొనుక్కుంటే రిస్క్ తక్కువ. కాంట్రాక్టర్ ట్యాంకర్‌తో వస్తే మాత్రం సేఫ్టీ డేటా షీట్ అడగండి. ఫోన్‌లోనే పంపిస్తారు. అందులో కోల్ టార్, లేదా పిచ్ అన్న మాటలు, లేదా 65996-93-2 అనే నంబర్ కనిపిస్తే వద్దని చెప్పండి. ఆ నంబర్ కోల్ టార్ పిచ్‌ది. షీట్ పంపనన్నా వద్దనే చెప్పండి.

ఆల్రెడీ వేసేసిన దానికి ఒక చిన్న టెస్ట్ ఉంది, నాకు చాలా నచ్చింది. కొంచెం పూత గీరి, పెయింట్ థిన్నర్‌గా అమ్మే మినరల్ స్పిరిట్స్‌లో వేసి ఊపి కాసేపు ఉంచండి. బిటుమెన్ అయితే కరిగి బ్లాక్ కాఫీలా చిక్కగా అవుతుంది. కోల్ టార్ అయితే సరిగ్గా కరగదు, టీ డికాక్షన్ రంగులో ఉంటుంది. కాఫీ అయితే ఓకే, టీ అయితే అనుమానం. గ్లోవ్స్ వేసుకోండి, మంటకి దూరంగా చేయండి, టీ టెస్ట్ అని వంటగదిలో స్టవ్ పక్కన పెట్టకండి బాబూ.

మన దగ్గర సంగతేంటని అడుగుతారని తెలుసు. హైదరాబాద్‌లో, విజయవాడలో ఇంటి ముందు తారు డ్రైవ్‌వేలు ఎవరికున్నాయి, మనవన్నీ టైల్సూ సిమెంటే. కానీ సీల్ కోట్ అనే మాట మన ఊరి రోడ్డు ఎస్టిమేట్‌లో ఉంటుంది, ఇంకో అర్థంలో. 2000 డిసెంబర్ 25న మొదలైన ప్రధానమంత్రి గ్రామ సడక్ యోజన కింద వేసిన చాలా రోడ్లకి పైన 20 మిల్లీమీటర్ల ప్రీమిక్స్ కార్పెట్ వేస్తారు. ఆ పొరలో కంకర మధ్య ఖాళీలు ఎక్కువ, దాని స్వభావమే అంత. అందుకే దాని మీద సీల్ కోట్ తప్పనిసరి. బిటుమెన్ చల్లి పైన సన్న చిప్స్ పరవడం ఒక రకం, ఇసుకలాంటి సన్నటి రాతిపొడిని బిటుమెన్‌తో కలిపి పరవడం ఇంకో రకం. ఇది మానేసినా, పేరుకి చల్లినా, మొదటి వానాకాలంలోనే నీళ్లు జల్లెడలోంచి దిగినట్టు దిగిపోతాయి. "మొన్నే వేశారు, అప్పుడే లేచిపోయింది" అని మనం అనే రోడ్లలో అనుమానించాల్సిన చోటుల్లో ఇదొకటి.

మీ ఊళ్లో రోడ్డు వేస్తుంటే వెళ్లి చూడండి. పైన ముతకగా, రాళ్ల మధ్య సందులు కనిపిస్తూ వదిలేశారంటే సీల్ కోట్ ఇంకా వేయలేదని. ఎప్పుడు వేస్తారని అడగండి. ఈ రోడ్లకి ఐదేళ్లు మెయింటెనెన్స్ వేసిన కాంట్రాక్టరే చేయాలి, ఆ వివరాలు రోడ్డు మొదట్లో బోర్డు మీద రాసి ఉంటాయి. ఫోటో తీసి కంప్లయింట్ పెట్టడానికి 2015లో వచ్చిన మేరీ సడక్ యాప్ ఉంది. స్మార్ట్‌ఫోన్‌లో రీల్స్‌తో పాటు అదీ ఒకటి ఉండనివ్వండి.

పెద్ద రోడ్ల మీద అమెరికా డ్రైవ్‌వే తరహా పూత వేయరు. స్పీడ్‌లో టైరుకి పట్టు కావాలి, ఆ నున్నటి పొర మీద జారుతుంది. వాటికి స్లర్రీ సీల్, మైక్రో సర్ఫేసింగ్ అని రాతిపొడి కలిపినవి వేరే ఉన్నాయి, ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ 2008లోనే వాటికి స్పెసిఫికేషన్ ఇచ్చింది, ఎస్‌పీ 81 అని. పుస్తకంలో ఉంది సరే, రోడ్డు బాగున్నప్పుడు దానికి బడ్జెట్ అడిగే ఇంజినీర్ ఎవరు, ఇచ్చే లీడర్ ఎవరు? గుంత పూడిస్తే ఫోటో వస్తుంది. గుంత పడకుండా ఆపితే ఫోటోలో ఏం చూపిస్తారు?

లాస్ట్‌గా కమ్యూనిటీ పోస్ట్‌లో ఎక్కువమంది అడిగిన రెండు ప్రశ్నలు. సిమెంట్ కాంక్రీట్ మీద ఈ సీల్‌కోట్ వేయొచ్చా? వద్దండి. ఇది బిటుమెన్ కోసం చేసింది, కాంక్రీట్ ముదిరే తీరే వేరు, దానికి సీలర్లు వేరే ఉంటాయి. టెక్సాస్‌లో ఇళ్ల డ్రైవ్‌వేలు చాలావరకు కాంక్రీటే, కాబట్టి అక్కడ ఎవరైనా బెల్ కొట్టి నల్లటి కోటింగ్ వేస్తానంటే నవ్వి తలుపు వేసేయండి. రెండోది, పాత కోల్ టార్ పూత ఉందని తేలితే గీకేయాలా? మీరే గీకడం, మిషన్‌తో రుద్దడం చేయకండి, ఆ పొడే కదా ప్రమాదం. ఇల్లు కొనబోతున్నవాళ్లైతే ముందే అడగండి, చివరిసారి ఎప్పుడు వేయించారు, ఏం వేయించారు, షీట్ ఉందా అని.

మీ దగ్గర ఆ షీట్ ఉండి అర్థం కాకపోతే కంపెనీ పేరు కనిపించకుండా కట్ చేసి కామెంట్‌లో లింక్ పెట్టండి, సివిల్ ఫ్రెండ్స్‌తో కలిసి చూద్దాం. ఉంటానండి.